ఎడమ పెడల్ కదలడం లేదు: అల్యూమినియం క్రాంకు, స్టీలు ఇరుసు, ఆరేళ్ల ఉప్పుగాలి

బీచ్‌రోడ్డు_సైకిలు:

అందరికీ నమస్కారం. ఆరేళ్ల హైబ్రిడ్ సైకిలు. ఉండేది విశాఖలో, సముద్రానికి కిలోమీటరు లోపే, బాల్కనీలో ఆరుబయట. కొన్నప్పటి నుంచి పెడల్స్ ఒక్కసారి కూడా విప్పలేదు. ఇప్పుడు కొత్తవి వెయ్యాలి. కుడిది కాస్త మొరాయించినా వచ్చేసింది. ఎడమది ససేమిరా అంటోంది.

క్రాంకులు, అంటే పెడల్స్ బిగించే కడ్డీలు, అల్యూమినియం, 170 ఎంఎం, స్క్వేర్ టేపర్ (మధ్య ఇరుసు నలుపలక కొస మీద కూర్చునేవి). పెడల్ ప్లాస్టిక్‌ది, ఇరుసు స్టీలు. ఇరుసు మీద 15 ఎంఎం పానా పట్టే చదునులు ఉన్నాయి. క్రాంకు వెనక నుంచి చూస్తే ఇరుసు చివర 6 ఎంఎం అలెన్ కీ గుంట కూడా ఉంది. వెనక చక్రానికి డిస్కు బ్రేకు.

ఇప్పటిదాకా చేసినవి: డబ్ల్యూడీ-40 కొట్టి రాత్రంతా వదిలేశాను, రెండుసార్లు. మామూలు 14-15 పానా సందులోకి సగమే దూరింది, రెండుసార్లు జారింది, చదునుల మూలలు కొంచెం అరిగాయి. తరవాత వెనక నుంచి అలెన్ కీ పెట్టి, దానికి అడుగున్నర పైపు తొడిగి తిప్పాను. ఎడమ పెడల్‌కు మరలు తిరగేసి ఉంటాయని తెలుసు కాబట్టి క్లాక్‌వైజ్‌గానే తిప్పాను. కీ మెలిపడుతున్నట్టు అనిపించి ఆపేశాను. ఇంకా పొడుగు పైపు వెయ్యాలా, వేరే దారి ఉందా?

పానా_14_15:

పైపు పక్కన పెట్టండి. మీరు విప్పలేదు, బిగించారు.

ఎడమ పెడల్ క్లాక్‌వైజ్ తిప్పితే ఊడుతుందన్న మాట నిజమే, కానీ అది బయట నిలబడి పెడల్ వైపు చూస్తూ పానా పట్టినప్పుడు. అలెన్ కీ పెట్టేది క్రాంకు వెనక నుంచి. అటు నుంచి చూస్తే అదే తిప్పుడు యాంటీ క్లాక్‌వైజ్ అవుతుంది. గడియారాన్ని వెనక నుంచి చూస్తే ముల్లు ఎటు తిరుగుతుందో అలాగే. ఈ పొరపాటు అలెన్ కీ వాడే చాలామంది చేస్తారు.

అందుకే క్లాక్‌వైజ్, యాంటీ క్లాక్‌వైజ్ అన్న లెక్కే వదిలేయండి. ఒకటే గుర్తు: పానా అయినా, అలెన్ కీ అయినా, కుడి అయినా, ఎడమ అయినా, పిడి ఆకాశం వైపు నిలబెట్టి, దాన్ని వెనక చక్రం వైపు వాల్చితే పెడల్ ఊడుతుంది. ముందు చక్రం వైపు వాల్చితే బిగుస్తుంది. రెండు వైపులా, లోపలి నుంచీ బయటి నుంచీ ఇదే.

ఇక పానా. మామూలు పానా మూతి మందంగా ఉంటుంది, పెడల్‌కీ క్రాంకుకీ మధ్య సందులో పూర్తిగా కూర్చోదు. సగం పట్టు మీద బలం పెడితే జారుతుంది, మూలలు పోతాయి. పెడల్ పానా అనే అమ్ముతారు: 15 ఎంఎం, పలచని మూతి, అడుగు పొడవు పిడి. అది దొరక్కపోతే ఇప్పుడున్న 14-15 పానా మూతిని రెండు పక్కలా గ్రైండర్ మీద కొంచెం పలచన చేయించండి. కోను పానా కూడా 15 సైజులో దొరుకుతుంది గానీ రేకులా ఉంటుంది, ఈ పనికి వంగిపోతుంది. స్క్రూ రెంచి ఊసే ఎత్తొద్దు.

ఎంత బలం పెట్టారన్నది ఒక ఎత్తు, పిడి ఎక్కడుందన్నది ఒక ఎత్తు. ఎడమ క్రాంకును నేలకు సమాంతరంగా ముందుకు పెట్టండి. పానాను ఇరుసుకు తగిలించి పిడిని వెనక్కి, అంటే క్రాంకు పక్కనే దాదాపు దాని మీదే పడుకునేలా, కొస మాత్రం క్రాంకు కన్నా నాలుగైదు వేళ్లు ఎత్తులో ఉండేలా పెట్టండి. అలా కుదరకపోతే పానాను తీసి ఇంకో చదును మీద తగిలించి చూడండి. ఇప్పుడు పిడిని కిందికి నొక్కితే అది ఊడే వైపే. ఈ అమరికలో ఇంకో లాభం ఉంది. మీరు నొక్కే చోటు దాదాపు బాటమ్ బ్రాకెట్ (రెండు క్రాంకులను కలిపే ఇరుసు, బేరింగులు ఉండే చోటు) పైనే పడుతుంది కాబట్టి క్రాంకు గిర్రున తిరిగిపోదు, బలమంతా మరల మీదికే వెళ్తుంది. పిడిని ముందుకు పెట్టి పైకి లాగినా దిక్కు సరైనదే గానీ సైకిలు మొత్తం లేచొస్తుంది.

కుడి క్రాంకును పాత సైకిలు ట్యూబు ముక్కతో చెయిన్ స్టేకి, అంటే వెనక చక్రం దాకా వెళ్లే అడుగు గొట్టానికి కట్టేయండి. చెయిన్ ముందున్న పెద్ద పళ్లచక్రం మీద ఉంచండి. కుడి పెడల్ విప్పేటప్పుడు పానా ఒక్కసారిగా వదిలేస్తే చేతి కణుపులు వెళ్లి తగిలేది ఆ పళ్లకే.

లెక్క చెప్పాలంటే, పెడల్ సరిగ్గా బిగించడానికి 35 నుంచి 40 న్యూటన్ మీటర్లు చాలు. 25 సెంటీమీటర్ల పానా కొస మీద 15, 16 కేజీలు పెడితే అంతే. 60 సెంటీమీటర్ల పైపు మీద 40 కేజీలు వేస్తే 235 దాకా వెళ్తుంది. 6 ఎంఎం కీ అంత మోయలేదు. కీ గుంట గుండ్రం అయిపోయిందంటే లోపలి దారి మూసుకుపోయినట్టే, అందుకని ఇక వెనక నుంచి ప్రయత్నించొద్దు.

అమావాస్య_పంక్చరు:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. అసలు ఎడమ దానికి మరలు తిరగేసి ఎందుకు పెట్టారు? తొక్కేటప్పుడు బేరింగ్ రాపిడి ఊడే వైపే లాగుతుంది కదా, ఆ లెక్కన ఇంకా ఊడాలి.

పానా_14_15:

బేరింగ్ రాపిడి చాలా తక్కువ. దానికన్నా బలమైనది ఇంకోటుంది. గుప్పిట్లో పెన్సిలు వదులుగా పట్టుకుని, పై కొసను రెండో చేత్తో గుండ్రంగా తిప్పండి. పెన్సిలు గుప్పిటి గోడను ఒరుసుకుంటూ తన చుట్టూ తాను ఎదురు దిక్కున తిరుగుతుంది. పెడల్ ఇరుసు కూడా అంతే. కాలి బరువు ఎప్పుడూ కిందికే, క్రాంకు మాత్రం తిరుగుతూ ఉంటుంది. అంటే క్రాంకు కన్నంలో ఇరుసు ఒరిగే చోటు చుట్టూ తిరుగుతూ ఉంటుంది. ఆ కదలిక కంటికి కనపడనంత చిన్నది, కానీ వేల చుట్లు తిరిగేసరికి ఇరుసును ఎదురు దిక్కున నడిపిస్తుంది. మరలు ఇప్పుడున్నట్టు ఉంటే ఆ నడక బిగించే వైపు పడుతుంది. ఈయన పెడల్ ఆరేళ్లలో ఎంత గట్టిగా కూర్చుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

తుప్పు_లెక్కలు:

దిక్కు సంగతి తేలింది కాబట్టి, అది ఎందుకు పట్టుకుందో చెప్తాను. ఎంతసేపు నూనె కొట్టినా లాభం లేకపోవడానికి కారణం అందులోనే ఉంది.

స్టీలు ఇరుసు, అల్యూమినియం క్రాంకు, మధ్యలో ఉప్పు తేమ. మూడూ కలిస్తే చిన్న బ్యాటరీ. ఆ జంటలో కరిగిపోయేది అల్యూమినియం. కరిగినది తెల్లని పొడిగా మారి మరల సందుల్లోనే పేరుకుంటుంది. ఆ పొడి తను పుట్టిన లోహం కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి మేకు కొట్టినట్టు బిగుస్తుంది. బిగించేటప్పుడు గ్రీజు రాసి ఉంటే తేమ లోపలికి చేరేది కాదు. కొత్త సైకిళ్లకు చాలాసార్లు పొడిగానే బిగిస్తారు.

ఏ నూనె అయినా ఆ తెల్ల పొడిని కరిగించదు. సందుల్లోకి పాకి జారుడు ఇస్తుంది, అంతే. మామూలు డబ్ల్యూడీ-40 కన్నా తుప్పు వదలగొట్టడానికని విడిగా అమ్మే పెనెట్రేటింగ్ ఆయిల్ బాగా పాకుతుంది. కొట్టే చోటు కూడా ముఖ్యం. పెడల్ వైపు అంచు మీద ఇరుసు కాలరు అదిమి ఉంటుంది, అక్కడి నుంచి లోపలికి పోయేది తక్కువ. సైకిలును ఎడమ పక్కకు పడుకోబెట్టండి. అప్పుడు ఎడమ క్రాంకు వెనక ముఖం పైకి వస్తుంది, ఇరుసు చివర చుట్టూ చిన్న గుంటలా కనపడుతుంది. అందులో నాలుగైదు చుక్కలు నిలబెట్టి, క్రాంకు కన్ను (పెడల్ దూరే కన్నం ఉన్న కొస) మీద చెక్కముక్క అడ్డం పెట్టి సుత్తితో ఓ ఇరవై చిన్న దెబ్బలు వెయ్యండి. గంటకోసారి మళ్లీ చుక్కలు, మళ్లీ దెబ్బలు. అదురుకే నూనె లోపలికి దిగుతుంది.

జాగ్రత్త, మీ డిస్కు కూడా ఎడమవైపే. పడుకోబెట్టే ముందు దానికి ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వెయ్యండి. నూనె తుంపర డిస్కు మీద పడి బ్రేకు ప్యాడ్లలోకి ఇంకితే ప్యాడ్లు మార్చడమే.

తరవాతది వేడి. అల్యూమినియం స్టీలుకు దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. పెడల్ మర 9/16 అంగుళం, అంటే 14.3 ఎంఎం. రెండిటినీ 60 డిగ్రీలు వేడెక్కిస్తే కన్నం ఇరుసు కన్నా సుమారు ఒక ఎంఎంలో నూరో వంతు ఎక్కువ తెరుచుకుంటుంది. వినడానికి ఏమీ లేనట్టుంది, కానీ పొడి పట్టు వదలడానికి చాలాసార్లు అది చాలు. దీనికి మంట అక్కర్లేదు. పానా ముందే తగిలించి, ట్యూబు కట్టి, అంతా సిద్ధం చేసుకోండి. కెటిల్లో రెండు లీటర్లు సలసల కాగే నీళ్లు క్రాంకు కన్ను మీద మాత్రమే సన్నగా పొయ్యండి, ఇరుసు మీద కాదు. పొయ్యడం అయిన వెంటనే పానా నొక్కండి, చల్లారనివ్వొద్దు. రాకపోతే ఇంకో రెండుసార్లు. వేడెక్కి చల్లారిన ప్రతిసారీ ఆ పొడిలో పగుళ్లు వస్తాయి, కాబట్టి మొదటిసారి రాకపోయినా పోసిన నీళ్లు వృథా కావు.

కూల్‌డ్రింకు పొయ్యమనీ, బ్యాటరీ యాసిడ్ పొయ్యమనీ ఎవరో ఒకరు చెప్తారు. యాసిడ్ క్రాంకునే తినేస్తుంది.

ఓరుగల్లు_గ్రీజు:

అన్నా, గింత కష్టం ఎందుకు? మా దిక్కు పాత 22 అంగుళాల సైకిళ్లకు పెడల్ పట్టేస్తే గ్యాస్ వెల్డింగ్ షాపుకు తీస్కపోతరు. రబ్బర్లు ముందుగాల పీకెయ్యాలె, లేకుంటే కాలి కంపు లేస్తది. క్రాంకు కన్ను ఎర్రగ అయ్యేదాక కాల్చి, పానా ఏసి ఒక్క గుంజు గుంజితె రెండు నిమిషాలల్ల ఇడిసిపెడ్తది.

తుప్పు_లెక్కలు:

అన్నా, మీరు చెప్పింది కాటర్ పిన్ను (క్రాంకును మధ్య ఇరుసుకు బిగించే అడ్డ మేకు) ఉండే స్టీలు క్రాంకులకు నూటికి నూరుపాళ్లు సరి. అక్కడ స్టీలులో స్టీలు, ఉన్నది ఎర్ర తుప్పు, మంటకు చక్కగా వదులుతుంది. ఒకటే మాట, ఆ క్రాంకు కింద ఊతం పెట్టకుండా సమ్మెట దెబ్బలు వెయ్యనివ్వొద్దు, దెబ్బ నేరుగా వెళ్లి బాటమ్ బ్రాకెట్ కప్పుల్లో గోళీల గుంతలు పడతాయి.

ఇక్కడ ఉన్నది అల్యూమినియం. అది ఎర్రబడి హెచ్చరించదు, 660 డిగ్రీల లోపే ఉన్నట్టుండి కరిగిపోతుంది. అంతకన్నా చాలా ముందే, 200 దాటి కాసేపు ఉంటే, గట్టిదనం పోతుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది, లేచి నిలబడి తొక్కినరోజు విరుగుతుంది. వేడినీళ్లు చాలకపోతే హీట్ గన్ దాకా వెళ్లొచ్చు. తడి వేలితో ఒక చుక్క చిలకరిస్తే చుయ్యిమని ఆవిరై పోవాలి, అక్కడితో ఆపాలి. ఏ వేడి పెట్టినా ముందు నూనె శుభ్రంగా తుడిచెయ్యాలి, స్ప్రే డబ్బా దూరంగా పెట్టాలి. కార్బన్ క్రాంకులకైతే వేడినీళ్లు కూడా వద్దు. వాటిలో పెడల్ మరలు ఉండే అల్యూమినియం బుష్షు జిగురుతో అతికించి ఉంటుంది.

లేత్‌షాపు_పక్కింటాయన:

వేడినీళ్లకూ రాకపోతే దాంతో సైకిలు మీద కుస్తీ పట్టొద్దు. క్రాంకు ఊడదీసి వైసు (బల్లకు బిగించే ఇనప పట్టు) దగ్గరికి తీసుకెళ్లండి. చదునుల మూలలు ఇప్పటికే అరిగాయి అన్నారు కాబట్టి నా ఓటు నేరుగా దీనికే.

ముందు క్రాంకు. మధ్యలో ప్లాస్టిక్ మూత ఉంటే పీకండి. లోపల బోల్టుకు 14 ఎంఎం బాక్సు పానా గానీ 8 ఎంఎం అలెన్ కీ గానీ పడుతుంది. ఈ బోల్టులు మాత్రం రెండు వైపులా మామూలు మరలే, యాంటీ క్లాక్‌వైజ్ ఊడతాయి. బోల్టు వచ్చాక దాని కింద వాషరు లోపలే అతుక్కుని ఉందేమో టార్చి వేసి చూడండి. వాషరు ఉండగా పుల్లర్ (క్రాంకును లాగే పనిముట్టు) వేస్తే అది బాటమ్ బ్రాకెట్ ఇరుసును కాక వాషరును నొక్కుతుంది, క్రాంకు రాదు, పుల్లర్ మరలు మాత్రం తెగి వస్తాయి. పుల్లర్ 22 ఎంఎం మరది. చేత్తో మొదలుపెట్టి చివరిదాకా వెళ్లనిచ్చి, పానాతో కొంచెం బిగించి, అప్పుడు నడిమి బోల్టు తిప్పండి. మూడు నాలుగు చుట్లు ఎక్కించి తిప్పడం మొదలుపెడితే క్రాంకు పాడవడం ఖాయం.

తరవాత పెడల్ ఒళ్లు తీసెయ్యండి. ఎలాగూ పారేసేదే. చివర మూత, దాని లోపల లాక్ నట్టు, వాషరు, కోను. అవి తీస్తే ప్లాస్టిక్ భాగం ఇరుసు మీంచి జారి వచ్చేస్తుంది, గోళీలు రాలతాయి, కింద పళ్లెం పెట్టుకోండి. ఇప్పుడు ఇరుసు ఒక్కటే క్రాంకుకు మిగులుతుంది.

వైసు 5 అంగుళాలది, బల్లకు బోల్టులతో బిగించి ఉన్నది కావాలి. ఇరుసును కిందికి వేలాడేలా పెట్టి, 15 ఎంఎం చదునులను దవడల మధ్య పట్టించండి. రాగి రేకులు, గుడ్డలు పెట్టొద్దు, ఒట్టి స్టీలు దవడలే పట్టాలి. పానా రెండు మూలల మీద నెడుతుంది, వైసు చదునులను మొత్తంగా అదిమి పట్టుకుంటుంది, అందుకే అరిగిన చదునులు కూడా ఇక్కడ జారవు.

ఇప్పుడు తిప్పేది పెడల్‌ను కాదు, క్రాంకును. పై నుంచి చూస్తూ ఎడమ క్రాంకును క్లాక్‌వైజ్ తిప్పాలి. కుడిదైతే సీసా మూత తీసినట్టు యాంటీ క్లాక్‌వైజ్. క్రాంకు పొడవు 17 సెంటీమీటర్లే కాబట్టి దానికి గోనెసంచి ముక్క చుట్టి లావు పైపు తొడగండి. పైపు మూతి అంచు అల్యూమినియాన్ని కొరికితే ఆ గాటు దగ్గరే తరవాత పగులు మొదలవుతుంది. జెర్కులు వద్దు, బరువు నెమ్మదిగా పెంచుతూ పోండి. వదిలేటప్పుడు టప్పుమని పెద్ద చప్పుడు వస్తుంది, విరిగిందనుకుని ఆపకండి. పావు చుట్టు వచ్చాక ఆపి, నూనె వేసి, మళ్లీ కాస్త వెనక్కి బిగించి, మళ్లీ విప్పండి. ఒకే ఊపున లాగేస్తే ఆ పొడి గరుకుకు క్రాంకు మరలు కోసుకుపోతాయి.

బీచ్‌రోడ్డు_సైకిలు:

వచ్చేసింది! పానాతో సరైన వైపు, వేడినీళ్లు మూడుసార్లు, కదల్లేదు, జారడం మొదలైంది. క్రాంకు ఊడదీసి వైసులో పెట్టించాను. టప్పుమంది. ముందుకీ వెనక్కీ చేస్తూ తీశాం.

ఇరుసు మరల నిండా తెల్లని పొడి. బయటి అంచు దగ్గర రెండు మరల్లో వెండి దారంలా అల్యూమినియం చుట్టుకుని ఉంది. క్రాంకు వైపు చూస్తే పెడల్ దూరే ముఖం దగ్గర మొదటి రెండు మరలు నలిగాయి, మిగతావి బాగానే కనపడుతున్నాయి. కొత్త పెడల్ చేత్తో తిప్పితే మొదట్లోనే వంకరగా పోతోంది. క్రాంకు మార్చాలా?

లేత్‌షాపు_పక్కింటాయన:

అక్కర్లేదు. అంగుళానికి 20 మరలు, అంటే మరకీ మరకీ మధ్య 1.27 ఎంఎం. మొత్తం పట్టు దాదాపు పది మరలు ఉంటుంది. రెండు పోతే ఏమీ కాదు. నాలుగైదు పోతే ఆలోచించాలి.

వంకరగా పోతున్న పెడల్‌ను బలవంతంగా ఎక్కించొద్దు. ముందు పాత టూత్‌బ్రష్, కిరోసిన్‌తో కన్నం కడిగి ఆరనివ్వండి. తరవాత కుడి ఎడమ తేడా రాకుండా ఎడమ పెడల్‌నే తీసుకుని, క్రాంకు వెనక ముఖం నుంచి చేత్తో ఎక్కించండి. ఎడమ మర ఏ వైపు నుంచి చూసినా ఎడమ మరే, వెనక నుంచి కూడా పడుతుంది. అక్కడి మరలు బాగున్నాయి కాబట్టి ఇరుసు నిటారుగా దారి పట్టుకుని, బయటికి వచ్చేచోట నలిగిన ఆ రెంటినీ సరిచేసుకుంటూ వస్తుంది. గ్రీజు దండిగా రాసి, అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. పాత ఇరుసును శుభ్రం చేసి దాంతో చేస్తే ఇంకా మంచిది, కొత్తది పాడవదు. పెద్ద సైకిలు షాపుల్లో 9/16 ఎడమ ట్యాప్ (కన్నంలో మరలు కోసే పనిముట్టు) ఉంటుంది, అది వేయిస్తే పని ఇంకా శుభ్రంగా అవుతుంది. మామూలు కుడి ట్యాప్ పొరపాటున దింపారంటే మాత్రం ఉన్న మరలన్నీ పోతాయి, దగ్గరుండి చూసుకోండి.

ఒకవేళ పట్టు చాలక క్రాంకే మార్చాల్సి వస్తే, ఎడమ క్రాంకు విడిగా దొరుకుతుంది. స్క్వేర్ టేపర్, 170 అని అడిగి తీసుకోండి.

పానా_14_15:

బిగించేటప్పుడు: ఇరుసు చివర ఎల్, ఆర్ అని అక్షరాలు కొట్టి ఉంటాయి, చూసుకోండి. అరిగి కనపడకపోతే ఇరుసును నిలువుగా పట్టుకుని మరలు చూడండి, ఎడమవైపుకు ఎక్కుతుంటే ఎడమది. మరల నిండా గ్రీజు, వేళ్లతో కనీసం ఐదారు చుట్లు ఎక్కాకే పానా. 35 నుంచి 40 న్యూటన్ మీటర్లు. ఓ 50 కిలోమీటర్లు తొక్కాక మళ్లీ ఒకసారి పానా వేసి చూడండి. విశాఖ గాలికి ఏడాదికోసారి, వానలు అయ్యాక, రెండూ విప్పి తుడిచి కొత్త గ్రీజు రాయాలి.

బీచ్‌రోడ్డు_సైకిలు:

వెనక నుంచి ఎక్కించడం పనిచేసింది, ఇప్పుడు బయటి నుంచి కూడా వేళ్లతోనే వెళ్తోంది. కొత్త పెడల్స్‌తో రెండు పలచని వాషర్లు వచ్చాయి. వెయ్యాలా?

పానా_14_15:

వెయ్యండి. కార్బన్ క్రాంకుకు తప్పనిసరి, అల్యూమినియానికి మంచిది. పెడల్ కాలరు క్రాంకు ముఖాన్ని కొరకకుండా ఆపుతుంది. ఒక్కటే చూసుకోండి, వాషరు వేశాక ఇరుసు చివర క్రాంకు వెనక ముఖం దాకా రావాలి, మరీ లోపలే ఆగిపోకూడదు. మీకు ముందువైపు రెండు మరలు ఎలాగూ లేవు.

ఓరుగల్లు_గ్రీజు:

అరిగిన ఆ పాత ఇరుసు పారెయ్యకు అన్నా, డబ్బాల ఏసి పెట్టుకో. ఎవరి సైకిలుకన్న ఎడమ మర నలిగితే గదే నీ ట్యాపు.